ముందు గదిలోకి వచ్చిన సముద్రం

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే గోపాలం బూట్లు విప్పి, చెక్క కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ లోకాన్ని చీదరించుకునేవాడు. కింది గుమస్తాలు దద్దమ్మలు. పై అధికారులు అంతకంటే దద్దమ్మలు. గోల్‌బజార్‌లో చేపలు అమ్మేవాళ్ళు దొంగలు, కొనేవాళ్ళు వెర్రివాళ్ళు. ఖరగ్‌పూర్ రైల్వే ఆఫీసులో ఇన్నేళ్ళు పనిచేసినా తన స్థాయి మనిషి ఒక్కడూ తగల్లేదని అతని బాధ. స్కూల్లో భూగోళం చెప్పే భార్య ఉదయభాను సరేసరి, లెక్కలోకే రాదు.

అందుకే సెలవుల్లో తోటి టీచరు ఏంజలిన్‌తో కలిసి ఏదో దీవికి వెళ్ళొస్తానని ఆవిడ అంటే కోప్పడలేదు, నవ్వాడు.

"ఏముందక్కడ?"

"చల్లారిపోయిన అగ్నిపర్వతం. ఎక్కొచ్చు. సముద్రంలో మునగడం కూడా నేర్పిస్తారట."

"రేషన్ సంచి మోస్తేనే ఆయాసపడతావు. నువ్వు కొండెక్కుతావా?"

ఎక్కింది. ముక్కు మీద చర్మం ఊడి, నల్లబడి తిరిగొచ్చింది. అన్నం వడ్డిస్తూ చెప్పింది: ఇసుక నల్లగా ఉంటుందట. కొండ కొసన నేల ఇంకా వెచ్చగా తగులుతుందట. నీళ్ళ అడుగున తన ఊపిరి తప్ప ఏ చప్పుడూ లేదట, ఓ పసుపుపచ్చ చేప వచ్చి మొహంలోకి తేరిపార చూసిందట.

"దానికీ పనిలేదన్నమాట," అన్నాడు గోపాలం.

మర్నాడు సాయంత్రం వాళ్ళ ముందు గదిలోకి సముద్రం వచ్చింది. వీధివైపు గోడ కింద నుంచి మెల్లగా పాకి, దీపాలు పెట్టే వేళకి మోకాలి లోతయి, భోజనాల వేళకి వెనక్కి తగ్గింది. రోజూ అంతే. పక్క క్వార్టర్ పోలమ్మ వచ్చి చూసి, "అమ్మగోరి ఎనకాలే వచ్చినాది కావోసు" అని, రెండో రోజు నుంచి చేపల కోసం జల్లెడ తెచ్చుకుంది. రైల్వే ప్లంబరు వేలు ముంచి నాకి చూసి, ఉప్పునీళ్ళు తమ సెక్షన్ కిందకి రావని వెళ్ళిపోయాడు.

గోపాలం కాళ్ళు కుర్చీలోకి ముడుచుకుని కూర్చునేవాడు. "ఇదీ ఒక సముద్రమేనా? దీని తాతని పూరీలో చూశాను."

ఉదయభాను చీర ఎగదోపుకుని నీళ్ళలో నిలబడేది. "ఒక్కసారి దిగండి. గోరువెచ్చగా ఉంది."

"ప్యాంటు తడుపుకునే వయసా నాది?"

ఒకరోజు ఏంజలిన్ వచ్చింది. ఆవిడ ముందు, పోలమ్మ ముందు, గోపాలం బుగ్గలు పూరించి, కళ్ళు మిటకరించి, చేతులు ఆడిస్తూ తన భార్య ఎలా మునిగి ఉంటుందో చేసి చూపించాడు. ఎవరూ నవ్వలేదు. ఉదయభాను టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

మర్నాడు నీళ్ళు కుర్చీ అంచుని తాకాయి. వీధివైపు గోడ లేదు. ఆ వైపంతా నీళ్ళే. దూరాన నల్లటి కొండ, దాని భుజాల మీద పచ్చదనం. ఉదయభాను సల్వార్ వేసుకుని, నీళ్ళలో మునిగేటప్పుడు పెట్టుకునే కళ్ళద్దాలు మెడలో వేసుకుని వచ్చింది.

"వెళ్తున్నానండీ. అక్కడి బడిలో టీచర్ లేదు. ఉండిపొమ్మని అప్పుడే అడిగారు. మీతో ఆలోచించి చెబుతానన్నాను."

"నాతో ఎప్పుడన్నావు?"

"అనబోయినప్పుడల్లా మీరు నవ్వారు." మెడలోని కళ్ళద్దాలు సర్దుకుంది. "మీరూ రావచ్చు."

వద్దు, వెళ్ళకు అందామనుకున్నాడు గోపాలం. ఆ మాట నోటికి అలవాటు లేదు. "నాలుగు రోజులుంటే నువ్వే తిరిగొస్తావు," అన్నాడు.

ఆవిడ తలూపి, నీళ్ళ మీదికి ఒరిగి, ఈదుకుంటూ పోయింది. ఎంత బాగా ఈదుతోందో అతను అప్పుడే చూశాడు. ఆయాసం లేదు, తొందర లేదు.

కుర్చీలోంచి కాలు కిందికి దించాడు. నీళ్ళు పక్కకి తప్పుకున్నాయి. ఇంకో అడుగు వేశాడు, అవీ ఓ అడుగు వెనక్కి వెళ్ళాయి. ప్యాంటు తడుస్తుందన్నది మరిచి పరుగెత్తాడు. గోడ చేతికి తగిలింది. పొడి గోడ. అవతల వీధిలో ఆటో హారన్ కొడుతోంది.

ఆ తర్వాత ఆ ఇంట్లోకి చుక్క నీరు రాలేదు. కొన్నాళ్ళు చూసి, పోలమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది.

"నీరు రాడం నేదేటి, బాబుగోరూ? ఇంక రాదా?"

దద్దమ్మ ప్రశ్న అనబోయాడు గోపాలం. అనలేదు.

"వచ్చింది, పోలమ్మా," అన్నాడు. "నేనే దిగలేదు."