అతుకుల్లేని వైరు

నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడి, నోట్లో రెండు మేకులు కరుచుకుని, అతను గోడ వెంట ఇంటర్నెట్ వైరు లాగుతున్నాడు. రాగి తీగ గీసుకుని గీసుకుని వేళ్ల కొసలు కాయలు కాశాయి.

"పాత వైరుకే ఓ ముక్క అతికిస్తే సరిపోదూ?" అంది కింద నుంచి ఆ ఇంటావిడ.

అతను మేకులు తీశాడు. "అతుకు పడ్డ చోటల్లా నెట్టు నసుగుతుందమ్మా. ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే వైరు పోవాలి."

పదిహేనేళ్లుగా ఇంటింటా ఇదే పాట. ఆ మాట వర్తించని ఇల్లు ఒక్కటే, అతనిది. పనుల్లో మిగిలిన తుండు వైర్లకి మూడు అతుకులేసి, నల్ల టేపు చుట్టి, మేడ మీది పెట్టె నుంచి రూటర్ దాకా లాగి చేతులు దులుపుకున్నాడు. భార్యకీ, ఆమె చెల్లెలికీ పుట్టుకతోనే వినబడదు. వాళ్ల మాటలన్నీ చేతుల్లోనే, రోజూ ఫోను తెర మీద. బొమ్మ ఆగితే మాట సగంలోనే పోతుంది. మరదలు ఊరికే వదిలే రకమా! బావ అనడానికి ఆమె రెండు వేళ్లు మెలిపెడుతుంది, అతుకు వేస్తున్నట్టు. అతను "రేపు మారుస్తా" అని సైగ చెయ్యడం, అక్కచెల్లెళ్లు పడీపడీ నవ్వడం రెండేళ్లుగా మామూలే.

జేబులో ఫోను వణికింది. భార్య రాసింది: "చెల్లికి మళ్లీ ఊపిరి ఆడట్లేదు. ఆసుపత్రి నుంచి ఏదో చెబుతోంది. బొమ్మ ఆగిపోతోంది. త్వరగా రా."

మరదలు ఉండే ఊరికి రెండు రోజుల ప్రయాణం. చివరి మేకు కొట్టి, మిగిలిన వైరు చుట్ట భుజాన వేసుకుని ఇంటికి పరుగెత్తాడు.

పాత వైరు పీకి గుమ్మం పక్కన పడేశాడు. కొత్తది లాగాడు. వేలసార్లు బిగించిన పిన్ను ఇవాళ రెండుసార్లు తప్పింది. మూడోసారికి రూటర్ మీద పచ్చలైటు వెలిగింది.

బొమ్మ తేటపడింది. మరదలి ఎండిన పెదాలు, గోళ్ల మీద పెచ్చులూడిన రంగు కూడా కనిపిస్తున్నాయి. అక్క భుజం మీదుగా అతన్ని చూసి ఆమె రెండు వేళ్లు మెల్లగా మెలిపెట్టింది.

"బావా, రేపు వచ్చేసిందా?"

భార్య ఏడుస్తూనే నవ్వింది. మరదలు అక్క వైపు తిరిగి, ఏదో చెప్పబోతూ చెయ్యెత్తింది. చెయ్యి గుండెల మీద వాలింది. అక్కడే ఉండిపోయింది.

భార్య కాసేపు చూసింది. తర్వాత కోపంగా అతని వైపు తిరిగింది. "మళ్లీ ఆగింది. వైరు చూడు."

పచ్చలైటు వెలుగుతూనే ఉంది. పిన్ను గట్టిగానే ఉంది. తెర మీద, మంచం వెనక కిటికీ పరదా గాలికి ఊగుతోంది.

"చూడు! చూడు!" ఆమె చేతులు ఆగడం లేదు.

తన పని చెడిపోయి ఉండాలని అతను జన్మలో మొదటిసారి కోరుకున్నాడు. ఆ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆమె గింజుకుంది. అప్పుడు ఆమెకీ ఊగుతున్న పరదా కనిపించింది.

గుమ్మం పక్కన పాత వైరు పడి ఉంది, మూడు అతుకులతో.