ఒళ్ళో సాంబారు

మేం నలుగురం ఎక్కడికి బయల్దేరినా వేడి సాంబారు గిన్నె నా ఒళ్ళోనే ఉంటుంది. మా ఆయన ఉమాకాంత్ డ్రైవ్ చేస్తాడు. మోకాళ్ళ నొప్పులని అత్తగారు ముందు సీట్లో కూర్చుంటారు. వెనక ఒక పక్క మా అమ్మాయి ప్రణవి, ఇంకో పక్క నేను, నా ఒళ్ళో పాత చీరముక్క, దాని మీద గిన్నె. ఆ ఆదివారం పక్క ఊరు నోవైలో, తెలిసినవాళ్ళు రాధారాణిగారి వాళ్ళ కార్తీక వనభోజనాలు. వనమంటే కమ్యూనిటీ హాలే. కుండీలో ఉసిరికొమ్మ గుచ్చి, దానికి దండం పెట్టి, పేపర్ ప్లేట్లలో తింటాం. హాలంతటికీ సాంబారు కాచింది నేనే. ఫార్మింగ్టన్ హిల్స్ దాటకముందే మంచు మొదలైంది.

“అక్కడ ఆ మిలిటరీ మాటలు ఎత్తకమ్మా భానూ,” అన్నారు అత్తగారు, వెనక్కి తిరక్కుండానే. “ఇదివరకు ఏం చేసేదానివని అడిగితే ఐటీ అను. ఆడపిల్ల లారీ తోలిందంటే బాగోదు.”

ఆ లారీ తోలింది సిరియాలో. ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగం దొరక్క, మన భాషలు తెలిసినవాళ్ళను తీసుకుంటున్నారంటే ఆర్మీలో చేరాను. భాషల సంగతి దేవుడెరుగు, నా చేతికి స్టీరింగ్ ఇచ్చారు. అక్కడివాళ్ళు తమలో తాము కొట్టుకుని ఊళ్ళకు ఊళ్ళు కూల్చుకున్న దారుల్లో నీళ్ళూ డీజిలూ మోశాను. ఒకసారి నా ముందు ట్రక్కు కళ్ళెదుటే పేలిపోయింది. ఇప్పటికీ రోడ్డు పక్కన చెత్త సంచి కనిపిస్తే, వెనక సీట్లో ఉన్నా నా కాలు బ్రేక్ కోసం వెతుకుతుంది. అంతకన్నా ఎక్కువ గుర్తొచ్చేది ఒకామె. పైకప్పు లేని ఇంటి ముందు వాకిలి ఊడుస్తోంది. ఇంత యుద్ధంలోనూ చీపురు మాత్రం ఆడదాని చెయ్యి వదల్లేదని ఒళ్ళు మండింది నాకు.

ఉమాకాంత్ చెడ్డవాడు కాడు. నిద్రలో కేకపెట్టి లేస్తే మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చునేది అతనే. అయినా మంచు పడగానే కారు తాళాలు తన జేబులోకి వెళ్ళిపోతాయి. “స్నోలో నువ్వెందుకు, రిస్క్,” అంటాడు. పెళ్ళి మాటలప్పుడు అత్తగారు, “మిలిటరీ పిల్లా? పోన్లే, సిటిజన్ కదా,” అన్నారట. యూనిఫాం వేసుకోబట్టే సిటిజన్‌షిప్ వచ్చింది. దానివల్ల వాళ్ళబ్బాయికి గ్రీన్‌కార్డూ వచ్చింది. దాచాల్సింది మాత్రం యూనిఫాం ఒక్కటే!

గ్యాస్ కోసం పెట్రోలు బంకులో ఆగాం. ఉమాకాంత్ దిగి, తలుపు తెరిచే ఉంచి గ్యాస్ పడుతున్నాడు. పక్క పంపు దగ్గరున్న ముసలాయన మా కారు నంబర్ ప్లేట్ చూశాడు. మాజీ సైనికులకిచ్చే ప్లేట్, వెటరన్ అని రాసి ఉంటుంది దాని మీద. కారు నా పేరు మీదే ఉంది. ఆయన ఉమాకాంత్ దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు.

“థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్.”

“థాంక్యూ సర్,” అని చెయ్యి కలిపాడు ఉమాకాంత్, ఎప్పటిలాగే. అడిగితే, ప్రతివాళ్ళకీ ఎక్కడ ఎక్స్‌ప్లెయిన్ చేస్తాం అంటాడు. సొమ్మొకడిది సోకొకడిది అని మా అమ్మమ్మ ఊరికే అనలేదు.

“నాన్నా!” తెరిచిన తలుపులోంచి అరిచింది ప్రణవి. “టుమారో స్కూల్‌కి నువ్వు రావాలి. వెటరన్స్ డే. నాన్న సోల్జర్ అని టీచర్‌కి చెప్పేశా.”

ఉమాకాంత్ నవ్వాడు. నా వైపు చూడలేదు. “చూద్దాంలే రా,” అన్నాడు.

“పోనీలే, పసిపిల్ల. నాన్నే అనుకోనీ,” అన్నారు అత్తగారు.

“సోల్జర్ నాన్నే అని ఎవరు చెప్పారు ప్రణూ?” అడిగాను.

“అందరూ నాన్నకే కదా థాంక్స్ చెప్తారు. నాన్నే కదా డ్రైవ్ చేస్తాడు.”

లోకం ఏమనుకున్నా సరిపెట్టుకున్నాను. నేను కన్న పిల్ల కూడా నన్ను వెనక సీట్లోనే చూస్తోంది. రేపు స్కూల్లో పిల్లలందరూ అతనికి చప్పట్లు కొడతారు, వాళ్ళతోపాటు ఇదీ కొడుతుంది. ఏడుపొచ్చింది. అంతకన్నా ఎక్కువగా కోపం వచ్చింది. గిన్నెతో సహా దిగాను.

“పట్టుకో,” అని గిన్నె ఉమాకాంత్ చేతుల్లో పెట్టాను.

“ఏమైంది భానూ? స్నో పడుతోంది...”

“తెలుసు.” అతని రెండు చేతులూ గిన్నెకే సరిపోయాయి. జేబులోంచి తాళాలు నేనే తీసుకున్నాను. ముసలాయన ఇంకా అక్కడే ఉన్నాడు. “సర్, ఆ ప్లేట్ నాది,” అన్నాను ఇంగ్లీషులో. “ఆర్మీలో ట్రక్ డ్రైవర్‌ని. సిరియాలో చేశాను.”

ఆయన ఉమాకాంత్‌నీ గిన్నెనీ చూసి, తర్వాత నన్ను చూశాడు. టోపీ తీసి, “సారీ మేడమ్, మీకు చెప్పాల్సింది ఆయనకి చెప్పాను,” అని నాకు చెయ్యిచ్చాడు.

డ్రైవర్ సీటు ముందుకు జరుపుకున్నాను. అద్దాలు సరిచేసుకున్నాను. రోడ్డంతా తెల్లగా ఉంది, కారు రోడ్డెక్కించాను.

“అమ్మా, సోల్జర్ నువ్వా?” ప్రణవి గొంతు సన్నగా వినిపించింది.

“నేనే. రేపు స్కూల్‌కి నేనొస్తాను.”

అత్తగారు చాలాసేపు కొంగు సర్దుకున్నారు. “హాల్లో ఎవరైనా అడిగితే...”

“చెప్తాను అత్తయ్యా. అడక్కపోయినా చెప్తాను.”

మలుపు తిరిగాం. వెనకనించి ఉమాకాంత్, “కొంచెం మెల్లగా పోనీ భానూ, సాంబారు ఒళ్ళోకి తొణుకుతోంది,” అన్నాడు.

“రెండు చేతులతో పట్టుకో,” అన్నాను. “ఇన్నేళ్ళూ నేనలాగే పట్టుకున్నాను.”