ఆషాఢంలో కొన్న మానిటర్

మునగాకు దూయడం సగం అయింది. చాటలో ఆకు ఒక పక్క, పుల్లలు ఒక పక్క వేస్తున్నాను. ఆషాఢంలో నువ్వుల తెలగపిండి వేసి మునగాకు వండకపోతే మా మామ్మ అచ్చాయమ్మ ఊరుకోదు. నా ఎదురుగా పీట మీద పావని అక్క రెండు చేతులూ గాలిలో పెట్టుకుని కూర్చుంది. వేళ్ళ చివర్ల నుంచి అరచేతుల దాకా గోరింటాకు. అది ఆరేదాకా ఆమె దేన్నీ ముట్టుకోకూడదు. అందుకని ఆమె ఫోను నా మోకాలి పక్కన నేల మీద ఉంది.

“ఇంకాస్త జరపవే,” అంది అక్క.

ఆకు పసరు అంటని చిటికెన వేలితో తెర మీది మానిటర్ల వరసను పైకి తోశాను.

“ఆగాగు. అదెంత?”

“ఇరవై ఏడు అంగుళాలు. నూట అరవై అయిదు హెర్ట్జ్.”

“రిజల్యూషన్ చూడు.”

“ఫుల్ హెచ్‌డీ.”

“వద్దు. అంత సైజుకి అది చాలదు, దగ్గర కూర్చుంటే చుక్కలు కనిపిస్తాయి. జరుపు.”

“అక్కా, నేను ఆకు దూయనా, ఇది జరపనా?”

“రెండూ చెయ్యి. ఆషాఢంలో పుణ్యం వస్తుంది.”

అక్క పెళ్ళి జ్యేష్ఠంలో అయింది. బావ గణేష్‌బాబుకు ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం. కాపురానికి వెళ్ళి పట్టుమని నెల కాకుండానే ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో అత్తా కొత్త కోడలూ ఒక గడప దాటకూడదు కాబట్టి అక్క పుట్టింటికి వచ్చేసింది. అల్లుడు అత్తారింటికి రాకూడదు కాబట్టి బావ అక్కడే ఉన్నాడు. మా ఊరు రావులపాలేనికి దగ్గర. ధవళేశ్వరానికి బస్సెక్కితే గంట కూడా పట్టదు. అయినా నెల నెలే.

బావ మంచివాడు. మాట మాత్రం బయటికి రాదు. పెళ్ళయిన కొత్తలో అన్నానికి రమ్మనడానికి కూడా గది గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడట. రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్‌లో ఏదో కొండల మీద కోటలు పట్టుకునే ఆట ఆడుకునేవాడు. ఇంజనీరింగ్ చదివేటప్పుడు అక్క కూడా ఆ ఆట ఆడింది. ఒకరోజు వెనక నిలబడి చూస్తూ, “అటు వెళ్ళకండి, గోడ మీద ఒకడున్నాడు,” అందట. ఆయన వెనక్కి తిరిగి కుర్చీ ఇచ్చాడట. అప్పటి నుంచి ఒకరి తర్వాత ఒకరు ఆడుకున్నారు. ఆ ఆట మధ్యలోనే బావ తన చిన్నతనం గురించీ, వరదలప్పుడు బ్యారేజీ మీద డ్యూటీల గురించీ చెప్పాడు. ఇవన్నీ అక్క నాకు చెప్పింది.

“ఆయన ఆడుతుంటేనే మాట్లాడతారే,” అంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఫోన్ వస్తుంది. అక్క బయట అరుగు మీదకెళ్ళి మాట్లాడుతుంది. అది ఎంతసేపో నాకు తెలుసు. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోతుంది.

అక్క చదువుకున్నప్పటి కంప్యూటర్ మా ఇంట్లోనే ఉంది. దాని తెర మొన్న వేసవిలో పిడుగులప్పుడు పోయింది. ఒక్క మానిటర్ ఉంటే చాలు. ఆయన అక్కడ, ఈమె ఇక్కడ, ఒకే ఆటలో కలుసుకోవచ్చు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని సాయంత్రమంతా మాట్లాడుకోవచ్చు. శ్రావణంలో వెళ్ళేటప్పుడు రెండూ పట్టుకెళ్ళి ఆయన బల్ల పక్కనే పెట్టుకోవచ్చు.

“ఆషాఢంలో కొత్త సామానేంటి?” అంది మామ్మ మంచం మీద నుంచి.

“డిస్కౌంట్లు ఇప్పుడే ఇస్తారమ్మా,” అన్నాడు నాన్న. నాన్న పేరు తాతాజీ. అరటి తోటలు కౌలుకు చేస్తాడు.

“చీరలకిస్తారు.”

“ఈ ఏడు వీటిక్కూడా ఇస్తున్నారు.”

డిస్కౌంటు అనే మాటకు మామ్మ ఎదురు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు.

ఆదివారం రాజమండ్రి వెళ్ళాం. బావ కూడా షాపు దగ్గరికి వస్తానన్నాడు. ఆ సంగతి మామ్మకు చెప్పడం అమ్మ వంతయింది.

“ఇంటికి కాదు అత్తయ్యగారూ, కొట్టుకి,” అంది అమ్మ. “కొట్టుకి గడపెక్కడుంటుంది? షట్టరే కదా.”

“ఇద్దరూ ఒక్కసారి దూరకండి. ముందూ వెనకా వెళ్ళండి,” అంది మామ్మ.

అలాగే వెళ్ళారు. బావ ముందే వెళ్ళి లోపల నిలబడ్డాడు. మేం వెళ్ళేసరికి కౌంటర్ దగ్గర కేబుళ్ళు చూస్తూ, మేం వస్తున్నట్టు తెలియనట్టే ఉన్నాడు. “బాగున్నారా మావయ్యగారూ,” అన్నాడు. అక్క వైపు చూసి తల ఊపాడు. అక్క కూడా ఊపింది.

షాపులో కుర్రాడి పేరు అనిల్ కుమార్. వరసగా వెలుగుతున్న తెరల ముందు మమ్మల్ని నిలబెట్టాడు. ఒక తెర వంపు తిరిగి ఉంది. నాన్న దాని అంచు తడిమి చూశాడు.

“ఇది వంగిపోయిందేంటండి?”

“వంగలేదండి, అలాగే వస్తుందండి. కర్వ్‌డ్ అంటారండి.”

“దీనికేమన్నా తగ్గిస్తారా?”

“ఇదే ఎక్కువండి.”

నాన్న దాన్ని వదిలేసి పక్కదానికి వెళ్ళాడు. ఇంట్లో టీవీ దీనికంటే ఎంతో పెద్దది, ధర మాత్రం తక్కువ. అది ఆయనకు మింగుడుపడలేదు. అక్క ఆయన పక్కకు వచ్చింది.

“నాన్నా, నువ్వు అరటిగెలకు ధర కట్టేటప్పుడు పొడుగొక్కటే చూస్తావా? హస్తాలు దగ్గరగా ఉన్నాయా, దూరంగా ఉన్నాయా చూస్తావు కదా. ఇదీ అంతే. టీవీలో చుక్కలు దూరదూరంగా ఉంటాయి. దూరం నుంచి చూస్తాం కాబట్టి తెలీదు. ఇందులో దగ్గరగా ఉండాలి.”

నాన్న ముఖం తెర దగ్గరకు పెట్టి చూశాడు. “ఇది బాగా కాసింది,” అన్నాడు.

అమ్మ ఒక చిలక బొమ్మ ముందు ఆగిపోయింది. ఆ తెర ఫోర్‌కేది, చుక్కలు అన్నిటికంటే దగ్గరగా ఉండేది. చిలక రెక్కలో ఈక మీద ఈక లెక్కపెట్టొచ్చు. “ఇదే తీసుకోండి,” అంది అమ్మ. బావ కూడా అదే చూస్తున్నాడు.

“ఇది బాగుంది,” అన్నాడు నెమ్మదిగా.

“బాగుంటుంది కానీ నా కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు దీన్ని లాగలేదండి,” అంది అక్క. “నాలుగు రెట్లు చుక్కలు నింపాలి. కోట ఎక్కేసరికి తెల్లారిపోతుంది. పైగా ఈ ధరలో ఇది అరవై హెర్ట్జే, ఆ పక్కది నూట ఎనభై.”

“అరవైకీ నూట ఎనభైకీ కంటికి తెలుస్తుందా?”

“ఎందుకు తెలీదు? రండి.”

అక్క రెండు తెరల మీదా మౌస్ బాణాన్ని గుండ్రంగా తిప్పి చూపించింది. ఒకదాని మీద బాణం తునకలు తునకలుగా గెంతింది. రెండోదాని మీద నూనెలో జారినట్టు జారింది. బావ మౌస్ తీసుకుని తనూ తిప్పాడు. మళ్ళీ మొదటిదాని మీద తిప్పాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మమ్మల్ని మర్చిపోయారు. ఒకదాని ఎదుట కూర్చుని ముదురు రంగుల్లో మొహాలు ఎలా కనిపిస్తాయో చూశారు. పక్క నుంచి చూస్తే రంగు మారుతోందని బావ అన్నాడు. పక్కన కూర్చునేది ఎవరు అని అక్క అంది. నేనే అని బావ అన్నాడు. అందుకని అది వద్దనుకున్నారు. తెర నిలబెట్టే కాలు ఎత్తు తగ్గుతుందా, మెడ పట్టదా, గోడకు బిగించొచ్చా. ఇంతసేపు బావ మాట్లాడగా నేను వినలేదు. అమ్మ నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది.

చివరికి ఇరవై ఏడు అంగుళాలది, చుక్కల్లో ఫోర్‌కేకి ఒక మెట్టు కిందుండే టూకేది, నూట ఎనభై హెర్ట్జ్‌ది తీసుకున్నారు. అన్నిట్లోకీ చవకా కాదు, ఖరీదూ కాదు. మధ్యలో ఉన్నది.

“విప్పగానే ఒకసారి నల్లగా, ఒకసారి తెల్లగా పెట్టి చూసుకోండి మేడం,” అన్నాడు అనిల్ కుమార్. “వెలగని చుక్క ఏదైనా కనిపిస్తే వారంలోపు తెచ్చేయండి, వేరేది ఇచ్చేస్తాం. వారం దాటితే మా చేతిలో ఉండదండి, కంపెనీ చూసుకోవాలి.”

ఇంటికి వచ్చేసరికి మామ్మ పసుపు, కుంకుమ పట్టుకుని సిద్ధంగా ఉంది. అట్టపెట్టెకు నాలుగు మూలలా బొట్లు పెట్టింది. అక్క కత్తెర తెచ్చింది.

“కత్తెర లోపల పెట్టు,” అంది మామ్మ. “ధర తగ్గిందని ఆషాఢంలో కొన్నారు, సరే. విప్పేది శ్రావణంలో.”

“మామ్మా, వారంలోపు చూసుకోవాలి. చుక్క ఉంటే మారుస్తారు.”

“ఏం చుక్క?”

“తెర మీద ఒక్కోసారి వెలగని నల్ల చుక్క ఉంటుంది.”

“ఉంటే ఉండనీ. దిష్టి చుక్క అనుకో.”

నాన్న నవ్వబోయి మామ్మ మొహం చూసి మానేశాడు.

“మీ తాతయ్య ఇలాగే ఆషాఢంలో కొత్త రేడియో విప్పారు,” అంది మామ్మ. “మర్నాటికి మూగబోయింది.”

“వర్షంలో తడిపి తెచ్చాడు కదమ్మా,” అన్నాడు నాన్న.

“వర్షం ఆషాఢంలోనే కదా పడింది.”

పెట్టె మామ్మ మంచం కిందకు వెళ్ళింది.

అక్క వాదించలేదు. ఎందుకు వాదించవని అడిగాను. “కొత్త కాపురంలోకి వెళ్ళే సామాను. రేపు దానికేమైనా అయితే ఆషాఢంలో విప్పింది కాబట్టే అంటారు. అక్కడ కూడా అంటారు,” అంది. ఆమె గొంతులో కోపం లేదు. కానీ ఆ వారమంతా గది ఊడవడానికి మామ్మ మంచం దగ్గరికి వెళ్ళినప్పుడల్లా వంగి పెట్టె వైపు చూసి లేచేది.

బావ ఫోన్లు యథాప్రకారం వస్తున్నాయి.

వారం ముగియబోయే ముందురోజు సాయంత్రం వాన పట్టింది. బయట సిగ్నల్ బాగుంటుంది కానీ వాన వల్ల అక్క లోపలే, మామ్మ మంచం పట్టె మీద కూర్చుని మాట్లాడింది. నేను గుమ్మం దగ్గర బట్టలు మడతపెడుతున్నాను.

“తిన్నారా? ... ఆ, మునగాకు. ... మీరేం వండుకున్నారు? ... ఓహో. ... లేదండి, విప్పలేదు. ... రేపే ఆఖరండి. ... ఏం చేస్తాం. ... ఇంకేంటి? ... ఇంకేం లేదు. ... సరేనండి.”

ఫోను పక్కన పెట్టి అక్క కిటికీలోంచి వానను చూసింది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళింది.

మామ్మ కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోతోందనుకున్నాను.

“రోజూ ఇంతేనా మాట్లాడుకునేది?” అంది.

“ఊఁ.”

“కొత్త దంపతులు కదే.”

నేను సాధారణంగా మధ్యలో కలగజేసుకోను. ఆ రోజు మాత్రం చేతిలో తువ్వాలు మడత ఆపాను. “బావకు ఊరికే మాట్లాడ్డం రాదు మామ్మా. ఆ ఆట ఆడితే వస్తుంది. అక్కకి కావలసింది ఆట కాదు.”

మామ్మ కళ్ళు తెరిచింది. “షాపులో మాట్లాడుకున్నారా?”

“చాలా.”

“ఏమని?”

“పక్కన కూర్చుంటే రంగు ఎలా కనిపిస్తుందని. ఎవరు కూర్చుంటారని అక్క అడిగింది. నేనే అన్నాడు బావ.”

మామ్మ మళ్ళీ కళ్ళు మూసుకుంది. నేను తువ్వాలు మడతపెట్టాను.

మర్నాడు పొద్దున వాన సన్నబడింది గాని ఆగలేదు. నాన్న తోటకు వెళ్ళాడు. అమ్మ, అక్క, నేను హాల్లో ఉన్నాం. అమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. లోపల ఏదో ఈడ్చిన చప్పుడైంది. చూస్తే మామ్మ రెండు చేతులతో అట్టపెట్టెను మంచం కింద నుంచి లాగుతోంది. నేను సాయం వెళ్ళబోతే చేత్తో వద్దంది. పెట్టెను గది దాటించి, హాల్లో అక్క కంప్యూటర్ ఉన్న బల్ల కాళ్ళ దగ్గరకు జరిపింది. నడుం మీద చెయ్యి వేసుకుని లోపలికెళ్ళి కత్తెర తెచ్చి పెట్టె మీద పెట్టింది.

అక్క లేచి నిలబడింది. మామ్మ ఆమె వైపు చూడలేదు.

కొంగు భుజం చుట్టూ కప్పుకుని, గోడకు ఆనించిన గొడుగు తీసుకుంది.

“ఈ వానలో ఎక్కడికి అత్తయ్యగారూ?” అంది అమ్మ.

మామ్మ చెప్పులేసుకుంది. గుమ్మంలో గొడుగు విప్పి, పెట్టె వైపు గాని, మా వైపు గాని తిరక్కుండా మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోయింది.