కొండచిలువ పెట్టెలో నూకన్న

దీవి మీదున్న ఆస్టినాబాద్‌లో గౌతమి కుట్టుమిషన్ చప్పుడు వినని ఇల్లు లేదు. ఆమె స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. భర్త నూకన్న డోంగీలు, అంటే చేపల వేటకు పోయే చిన్న చెక్కపడవలు కడతాడు. వాళ్ళతో పాటు నూకన్న తల్లి అచ్చమ్మ ఉంటుంది. నలభై నాలుగో ఏట గౌతమి ఒక మధ్యాహ్నం, అందరూ అన్నం తింటుండగా, కొండచిలువను పెంచుకుంటానంది.

నూకన్న చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"వీధిలో కుక్కలు చాలడం లేదేటే?" అంది అచ్చమ్మ.

"కుక్క తెల్లారగానే తిండడుగుతాది. పిల్లి కాళ్ళకి అడ్డం పడతాది. కొండచిలువ పది రోజులకోసారి తింటాది. అరవదు. ఈ పూట ఏటి వండినావని అడగదు. అలాంటి ప్రాణి ఒక్కటి ఈ ఇంట్లో ఉండాలి" అంది గౌతమి.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆమె మిక్సీ తప్ప ఇంకేమీ అడగలేదని నూకన్నకు గుర్తొచ్చింది. "పెట్టె నేను చేస్తాను" అన్నాడు.

గౌతమి అప్పటికే రెండు నెలలుగా ఫోన్లో వీడియోలు చూసి నోటుపుస్తకంలో రాసుకుంటోంది. అడవిలో కొండచిలువను ముట్టుకోవడం నేరం. అందుకని కాగితాలతో సహా పెంచి అమ్మే మనిషిని చెన్నైలో వెతికి పట్టుకుంది. అతని దగ్గరున్నది ఆఫ్రికా జాతి. చిన్నగా ఉంటుంది, భయపడితే బంతిలా చుట్టుకుంటుంది. ముందు పెట్టె సిద్ధం చేసి, అనుమతి తెచ్చుకుంటేనే పంపుతానన్నాడు.

పెట్టెలో ఒక కొస వెచ్చగా ముప్ఫైరెండు డిగ్రీలు, ఇంకో కొస చల్లగా ఇరవైయారు ఉండాలి. రెండు కొసల్లోనూ దాక్కోవడానికి గుహలుండాలి. వెచ్చదనం కావాలా, దాపు కావాలా అని పాము తేల్చుకోవాల్సిన పరిస్థితి రాకూడదు. వేడిపలక ఒంటికి తగలకుండా అడ్డంగా వల ఉండాలి. చలిదేశాల వీడియోలన్నీ తేమ ఎలా పెంచాలో చెప్పాయి. బీరువాలో చెప్పులకు బూజు పట్టే ఊళ్ళో తేమ ఎలా తగ్గించాలో ఒక్కరూ చెప్పలేదు.

గౌతమి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు అని కొలతలిచ్చింది. నూకన్న జన్మలో పన్నెండడుగుల కంటే చిన్నది కట్టలేదు. నాలుగడుగుల దానికి రంపం తీయడం నామోషీ అనిపించింది. వారం తర్వాత హాల్లో ఎనిమిదడుగుల పడౌక్ చెక్క పెట్టె నిలబడింది. సందుల్లో దూది దారం కూరి, పైన గుగ్గిలం పూసి, చుక్క నీరు దూరకుండా చేశాడు.

"నీళ్ళలో వేస్తే తేల్తాది" అన్నాడు గర్వంగా.

"లోపలుండేది పామయ్యా, వేటగాడు కాదు. గాలాడాలి, కన్నాలు పెట్టు."

కన్నం పడకుండా చూడటమే వృత్తిగా బతికినవాడు నూకన్న. డ్రిల్లు తిరిగిన ప్రతిసారీ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ముప్ఫై కన్నాలు పెట్టేసరికి అన్నం సయించలేదు. తర్వాత ముందు వైపు పక్కకి జరిపే అద్దాలు, తాళం, అడుగున కొబ్బరిపీచు, నీళ్ళ టబ్బు అమర్చారు. ఇంత పెట్టెలో చిన్న గుహలు పెడితే బావుండదని నూకన్న నీలం ప్లాస్టిక్ డ్రమ్మును నిలువుగా కోసి రెండు కొసల్లోనూ బోర్లించాడు.

దరఖాస్తు పెట్టిన పది రోజులకు అటవీశాఖ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పేరు గోపినాథ్, ముప్ఫై లోపు వయసు. చంకలో ఫైలు, జేబులో థర్మామీటరు. వేడి చూశాడు, తాళం లాగి చూశాడు, కన్నాలు లెక్కపెట్టాడు. అన్నీ బాగున్నాయన్నాడు. ఫారం తిప్పి, తల గోక్కున్నాడు.

"దీదీ, జానవర్ ఏదీ?"

"పర్మిషన్ వస్తే కదా తెచ్చేది."

"పదకొండో కాలమ్ చూడండి. 'పెట్టెలో జంతువు ప్రవర్తన, పది నుంచి ఐదు వరకు.' జంతువు లేకుండా నేనేం రాయాలి?"

"లేదని రాయండి."

"ఖాళీ వదిలితే కంప్యూటర్ తీసుకోదు. లేదని రాస్తే దరఖాస్తు కొట్టేస్తుంది."

"పర్మిషన్ లేకుండా తెస్తే?"

"అప్పుడు మిమ్మల్ని పట్టుకోవాలి." గోపినాథ్ నిజంగానే బాధపడ్డాడు. "ఏదైనా సరే దీదీ, లోపల ఒక ప్రాణి ఉంటే చాలు. కొంచెం పొడుగ్గా ఉంటే మంచిది."

హాల్లో పొడుగ్గా ఉన్న ప్రాణి ఒకటే ఉంది. గుమ్మానికి ఆనుకుని, ఎప్పటిలాగే ఏమీ మాట్లాడకుండా నిలబడి ఉంది. గౌతమి అతని వైపు చూసింది. నూకన్న పెట్టె వైపు చూశాడు. తను కట్టిన ప్రతి డోంగీలోనూ ముందు తనే ఎక్కి చూస్తాడు. చెప్పులు విప్పి లోపలికి పాకాడు.

గోపినాథ్ అద్దం మూసి, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. పదీ ఇరవై: జంతువు వెచ్చని వైపు గుహలో తల దూర్చినది. పదకొండు: నిశ్చలము. పదకొండున్నర: నిశ్చలము, గురక వినబడుచున్నది.

"దీదీ, కొండచిలువ గురక పెడుతుందా?"

గౌతమి నోటుపుస్తకం తిరగేసింది. "ఊపిరిలో చప్పుడొస్తే జలుబు చేసినట్టట."

గోపినాథ్ కంగారుపడి అద్దం మీద వేలితో తట్టాడు. నూకన్న పక్కకు తిరిగి పడుకున్నాడు. చప్పుడు ఆగింది. శ్వాస సవ్యము, అని రాశాడు. పన్నెండింటికి వేడికి తాళలేక నూకన్న చొక్కా విప్పి పక్కన పడేశాడు. కుబుసము ఒకే ముక్కగా విడిచినది, ఆరోగ్యలక్షణము.

ఒంటిగంటకు అచ్చమ్మ చేపల పులుసుతో అన్నం కలిపి తెచ్చింది. గోపినాథ్ లేచి అడ్డం నిలబడ్డాడు.

"వద్దు అమ్మమ్మా. ఆఖరి భోజనం ఎప్పుడైంది?"

"పొద్దున్న నాలుగిడ్డెన్లు తిన్నాడు."

"అయితే ఇంకా తొమ్మిదిన్నర రోజులు ఆగాలి."

అచ్చమ్మ పళ్ళెం కింద పెట్టలేదు. "నీకు అమ్మ ఉందిరా?"

"ఉంది. డిగ్లీపూర్‌లో."

"నిన్నూ ఇలాగే పెంచిందేటి, పది రోజులకోపాలి అన్నం పెట్టి?"

గోపినాథ్ కళ్ళు దించుకున్నాడు. అమ్మను చూసి రెండేళ్ళయిందనీ, సెలవు అడిగిన ప్రతిసారీ ఏదో తనిఖీ పడుతోందనీ చెప్పాడు. తర్వాత కుర్చీని గోడవైపు తిప్పుకుని పది నిమిషాలు అలాగే కూర్చున్నాడు. తిరిగి చూసేసరికి పళ్ళెం ఖాళీ. ఆహారము తీసుకున్నది, పట్టు బాగున్నది.

ఐదింటికి నూకన్న బయటికొచ్చాడు. జుట్టునిండా కొబ్బరిపీచు. మొహం మాత్రం తీర్థయాత్ర చేసొచ్చినవాడిలా తేటగా ఉంది.

"ఎలా ఉంది?" అంది గౌతమి.

"బాగుంది. ఏడు గంటలు ఎవరూ నన్నేటీ అడగలేదు."

గౌతమికి మనసులో చురుక్కుమంది. ఆ పెట్టె కావాలని రెండు నెలలు తపించింది తను, అనుభవించింది అతను.

మూడు వారాల తర్వాత అనుమతి వచ్చింది. గౌతమి కవరు చింపి, గట్టిగా చదవడం మొదలుపెట్టి, మధ్యలో గొంతు తగ్గించింది. యజమాని: గౌతమి. జంతువు: కొండచిలువ, ఒకటి, మగ. పేరు: నూకన్న. పొడవు ఐదడుగుల తొమ్మిదంగుళాలు. గుర్తు: ఎడమ మోచేతి మీద ఉలి గాటు. కింద ఎర్ర అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది: పెట్టె నిండినది, మరో జంతువుకు చోటు లేదు.

మర్నాడు ఇద్దరూ డెలానీపూర్‌లో ఆఫీసుకి వెళ్ళారు. కిటికీ దగ్గర సాయిలక్ష్మి అనే క్లర్కు కాగితాన్నీ నూకన్ననూ మార్చి మార్చి చూసింది.

"ఈయనేనా?"

"నేనే" అన్నాడు నూకన్న.

"మచ్చ చూపించండి." చూపించాడు. "అన్నీ సరిపోయాయి కదమ్మా. తప్పెక్కడ?"

"ఆయన మనిషండీ!" అంది గౌతమి.

"అది నాకూ కనబడుతోంది. కానీ జాతి మార్చే వీలు సిస్టమ్‌లో లేదు. పేరు కావాలంటే మార్చుకోవచ్చు."

"మరి నా పాము రావాలంటే?"

"దీన్ని తీసేయాలి. మూడు దారులున్నాయి. చనిపోయిందనుకోండి, పోస్టుమార్టం రిపోర్టు తేవాలి." నూకన్న ఒకడుగు వెనక్కి వేశాడు. "ఎవరికైనా ఇచ్చేస్తే వాళ్ళకీ పెట్టె ఉండాలి, తనిఖీ జరగాలి. లేదంటే పుట్టిన చోట వదిలేయడం. అధికారి దగ్గరుండి వదిలించాలి, ఫోటో తీయాలి."

మూలనున్న బల్ల దగ్గర గోపినాథ్ తలెత్తాడు. "భయ్యా, మీరు పుట్టిందెక్కడ?"

"డిగ్లీపూర్. నాన్న అక్కడ వేటకెళ్ళేవాడు."

గోపినాథ్ కుర్చీ వెనక్కి పడేంత వేగంగా లేచాడు. "ఆ అధికారి నేనే. నేనే తీసుకెళ్తాను" అన్నాడు.

ఆ సోమవారం ముగ్గురూ తొలి బస్సెక్కారు. అడవి దాటి, బస్సుతో సహా ఫెర్రీ ఎక్కి దిగి, నడుములు పట్టేసి, సాయంత్రానికి డిగ్లీపూర్ చేరారు. గోపినాథ్ సంచిలో ఫైలుతో పాటు వాళ్ళమ్మ కోసం కొన్న చీర ఉంది. దారిలో నాలుగుసార్లు తీసి చూపించాడు. ఆ రాత్రికి అతను వాళ్ళింటికి, గౌతమి, నూకన్న మాత్రం నూకన్న పెదనాన్న కొడుకు యర్రయ్య ఇంటికి వెళ్ళారు. నూకన్న పుట్టింది ఆ ఇంట్లోనే.

పొద్దున్నే ఇంటి వెనకాల పొలంగట్టు మీద పని మొదలైంది. గోపినాథ్ ముందు నుంచి ఒక ఫోటో, పక్క నుంచి ఒకటి తీశాడు. యర్రయ్య సాక్షి సంతకం పెట్టి, "కొండచిలువను ఎప్పుడు వదుల్తారు?" అని అడిగాడు. గోపినాథ్ నూకన్న వైపు తిరిగాడు.

"ఇప్పుడు నడవండి భయ్యా. వెనక్కి మాత్రం చూడకూడదు. చూస్తే మనుషులకి అలవాటుపడ్డ జంతువని రాయాలి, అప్పుడు వదలడానికి కుదరదు."

"ఎంతవరకు నడవాలి?"

"కనబడనంత వరకు."

నూకన్న లుంగీ ఎగ్గట్టి బయల్దేరాడు. రెండు వైపులా వరి, మధ్యలో జానెడు గట్టు. గౌతమి చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. మొదట నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు ఆగింది. ఇరవై రెండేళ్ళలో అతని వీపును ఆమె అంతసేపు ఎప్పుడూ చూడలేదు. ఒక భుజం కొంచెం వాలి ఉందని అప్పుడే తెలిసింది. తెల్ల చొక్కా చిన్నదవుతూ పోతోంది. సంతకాలు పెట్టి, ఫోటో తీయించి, తన మొగుణ్ణి తనే పొలాల్లో వదిలేస్తోంది.

"ఏమయ్యా!" అని గట్టిగా కేక వేసింది.

నూకన్న ఆగాడు. మెడ తిరగబోయింది. అంతలో గుర్తొచ్చినట్టుంది, తల తిప్పకుండానే చెయ్యి పైకెత్తి ఊపి, వక్కచెట్ల వెనక్కి వెళ్ళిపోయాడు.

గోపినాథ్ కెమెరా చూసుకున్నాడు. "చెయ్యి పడింది. పర్లేదు దీదీ, తోక అని రాస్తాను."

నూకన్న అరగంటకే చుట్టు తిరిగి యర్రయ్య ఇంటి ముందు గుమ్మంలోకి వచ్చాడు. కానీ ఇంకో నిబంధన ఉంది. వదిలిన జంతువు పదిహేను రోజుల్లోపు పాత చోటికి తిరిగొస్తే వదిలినట్టు కాదు. నూకన్న అక్కడే ఉండిపోయాడు. గోపినాథ్ 'జంతువు కదలికల పరిశీలన' అని రాసి తల్లి దగ్గర నాలుగు రోజులున్నాడు. గౌతమి ఒక్కతే బస్సెక్కింది. పక్క సీటు ఖాళీగా ఉందని ఎవరో కూర్చోబోతే, మనిషి వస్తాడని అబద్ధం చెప్పింది.

కొత్త అనుమతి వారంలో వచ్చింది. ఇంకో నాలుగు రోజులకు చెన్నై విమానంలో గుడ్డసంచి ఉన్న డబ్బా దిగింది. సంచి ముడి విప్పితే గోధుమరంగు మచ్చల ప్రాణి, మూరన్నర పొడవు, పిడికిలంత ఉండలా చుట్టుకుని ఉంది.

"దీనికేనా ఇంత పడవ?" అంది అచ్చమ్మ.

అది ఎనిమిదడుగుల పెట్టెలోకి జారి, నీలం డ్రమ్ము కిందికి పోయి, మళ్ళీ కనబడలేదు. అచ్చమ్మ చాప తెచ్చుకుని అద్దం ముందే కూర్చుంది. గౌతమి నూకన్నకు ఫోన్ చేసింది.

"వచ్చిందా? ఏటి చేస్తోంది?"

"ఏటీ చెయ్యడం లేదు" అంది. చెబుతుంటే గొంతులో సంతోషం ఆగలేదు.

"టైమెంత?"

"రెండూ నలభై."

"అయితే పడమటి కిటికీకి చీర కట్టు. మూడింటికి ఎండ తిన్నగా గుహలోకి కొడతాది, కళ్ళు తెరవలేం. అద్దం నెమ్మదిగా జరుపు, లోపల పిడుగు పడినట్టుంటాది."

గౌతమి ఫోన్ చెవికి ఆనించుకునే కిటికీకి పాత చీర కట్టింది. కట్టానని చెప్పింది. ఫోన్ పెట్టేయకుండా అచ్చమ్మ చాప చివర కూర్చుంది.

"నేను రావడానికి ఇంకా నాలుగు రోజులుంది" అన్నాడు నూకన్న.

"కాయితాల ప్రకారం నువ్విప్పుడు ఎవరి జంతువువీ కాదు తెలుసా?"

"అయితే నాకు నచ్చిన బస్సుకొస్తాను."

"తొలి బస్సు ఎక్కు" అంది గౌతమి. "సీటు కిటికీ పక్కన అడుగు, లేకపోతే నీకు బస్సు పడదు."