తారల అంగడి, మా హనుమంతుడి కప్పు

‘తారల అంగడి’ అనే టీవీ పోటీ చరిత్ర ఎవరైనా రాస్తే మొదటి ఏడు ఎవరు గెలిచారో, రెండో ఏడు ఎవరు ఏడ్చారో రాస్తారు. మూడో ఏడు మధ్యలో ఎందుకు ఆగిపోయిందో తెలియాలంటే మాత్రం మా గల్లీలో అడగాలి. అందులో నా తప్పు కూడా ఉంది.

సినిమా వాళ్లు, సీరియల్ వాళ్లు వారానికో వ్యాపారం చేయాలి. తక్కువ అమ్మినవారు ఇంటికి. చివరిదాకా నిలిచినవారు కోరిన పుణ్యకార్యానికి చానల్ ఖర్చు పెడుతుంది. సీరియల్లో గయ్యాళి అత్త వేషం వేసే సంధ్యారాణి మూసారాంబాగ్‌లో మా పక్క వీధిలోనే ఉండేది. మా గల్లీ చివర హనుమంతుడికి పైకప్పు లేదు. వానొస్తే నేను గొడుగు వేసుకుని ప్రదక్షిణ చేసేదాన్ని, స్వామి తడుస్తూ ఉండేవాడు. ఎన్నిసార్లు అడిగానో, చివరికి ఆవిడ “గెలిస్తే మా హనుమంతుడికి కప్పు” అని టీవీలో చెప్పింది.

ఇద్దరే మిగిలారు. ఆవిడకు పులిహోర, మలక్‌పేటలో ఒక హాస్యనటుడికి దోసెలు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ముందు ఆవిడకు రేకుల దుకాణం కట్టారు. కప్పు అంచున పోటీ పేరు, దాని పక్కన బట్టల సబ్బు ప్రకటన. పులిహోర కలిపింది నేను. మా ఇంట్లో దేవుడికి చూపకుండా ఏ వంటా గడప దాటదు. గంగాళంలో తులసిదళం వేసి, గంట కొట్టి, హారతి ఇచ్చాక గానీ ఇది అమ్మకానికన్న సంగతి నాకు గుర్తు రాలేదు. భయపడి ఎవరికీ చెప్పలేదు.

అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సుల్లేవు. బస్టాండులో కుక్కలు పడుకున్నాయి. అమ్మకాల లెక్కకు చానల్ ఇచ్చిన పుస్తకంలో గంటసేపు చూసినా ఒక్క కూపన్ తెగలేదు.

మా ఇంటి ఓనరు అండాలమ్మది నల్గొండ. “జనమంత ఎల్బీ నగర్ల వంటావార్పు కాడ ఉన్నరు. ఆడికే పోదాం” అంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తినే నిరసన అది.

“వాళ్లే వండుకుంటుంటే మనది ఎవరు కొంటారండీ?” అన్నాడు షూటింగ్ మేనేజరు సాంబమూర్తి.

“వండేది జరంత, తినేది ఊరంత. నువ్వు రా సారూ.”

ట్రాలీ ఆటోలో గంగాళం దిగగానే మా చుట్టూ జనం చేరారు. ఈరమ్మ అనే ముసలామె సంధ్యారాణిని గుర్తుపట్టింది. “ఏం అత్తా, గా కోడలుపిల్లకు గంజి గూడ పొయ్యవు. మాకు పులిహోర అమ్ముతవా?”

అందరూ నవ్వారు. సంధ్యారాణి కూపన్ల పుస్తకం తీసింది. ఇక దాచలేక ఆవిడ చెవిలో చెప్పాను. “అమ్మా, ఇది నైవేద్యం అయిపోయింది.”

సాంబమూర్తి విన్నాడు. “తిరుపతిలో లడ్డు అమ్మట్లేదా అండీ?”

“అది దేవస్థానం. మాది అద్దె ఇల్లు” అన్నాను. అంతకన్నా మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

సంధ్యారాణి నా వైపు చూసింది, ఈరమ్మ వైపు చూసింది. కూపన్ల పుస్తకం నా చేతిలో పెట్టి కొంగు బిగించి గరిటె అందుకుంది. “విస్తళ్లు పరవండి” అంది. జై తెలంగాణ అంటూ బంతులు లేచాయి, కూర్చున్నాయి. గంగాళం అడుగు కనబడింది. ఒక్క కూపనూ తెగలేదు.

హాస్యనటుడు పదకొండు దోసెలు అమ్మాడు, అన్నీ తన మేకప్ మనుషులకే. లెక్క ప్రకారం ఆయనే గెలిచాడు. ఆ సాయంత్రం నేను హనుమంతుడి మొహం చూడలేకపోయాను.

కెమెరాలో పడ్డ ఆ వడ్డన టీవీలో వేస్తే ఒకళ్లకు కోపం, తీసేస్తే ఇంకొకళ్లకు కోపం. చానల్ వాళ్లు ఆ చివరి వారం చూపించకుండానే పోటీని ఆపేశారు. దుకాణం విప్పి తీసుకెళ్దామంటే సాంబమూర్తికి లారీ దొరకలేదు.

“ఎందుకు సారూ పరేషాన్? రోడ్డు మీద ఉంచితే ఒక్క రేకు మిగల్ది. సమ్మె అయ్యేదాక మా గల్లీల పెట్టుకో. కిరాయి గూడ అద్దు” అంది అండాలమ్మ. ఆయన రెండు చేతులూ జోడించాడు.

రెండు తోపుడు బండ్ల మీద రేకులు వచ్చాయి. “పండబెడితే వంకరపోతయి, నిలవెట్టుండ్రి” అని ఆమె స్తంభాలు పాతించింది. ఎక్కడ పాతించిందో సాంబమూర్తికి చెప్పలేదు.

సమ్మె ముగిశాక ఆయన లారీతో, ఇద్దరు పనివాళ్లతో వచ్చాడు. అప్పటికే అండాలమ్మ దీపం వెలిగించి కొబ్బరికాయ కొట్టి ఉంది.

“సామి నెత్తి మీదికెల్లి తీస్తరా? తీయుండ్రి. ముందుగాల ఎవలు ఎక్కుతరు?”

 పనివాళ్లలో ఒకడు చెప్పులు విడిచాడు. ఎక్కుతాడేమో అనుకున్నాం, దండం పెట్టుకున్నాడు. సాంబమూర్తి మూడు ప్రదక్షిణలు చేసి, నేను పెట్టిన పులిహోర తిన్నాడు. లారీ ఖాళీగా వెళ్లింది.

ఇది దొంగతనమా, సేవా అని స్వామినే అడుగుదామని సాయంత్రం వెళ్లాను. వాన గట్టిగా కురుస్తోంది. బట్టల సబ్బు ప్రకటన కింద ఆయన పొడిగా నిలబడి ఉన్నాడు.

తర్వాత అడుగుదాంలే అనుకున్నాను.