బొద్దు బరువు

పొద్దున్న ఎనిమిదింటికల్లా కాటాల మేస్త్రి షాపు షట్టరు ఎత్తి, బల్ల తుడిచి, రిపేరుకొచ్చిన కాటాలన్నీ వరసగా పెట్టుకునేవాడు. కూరగాయల వాళ్ళవి, బంగారం కొట్టు వాళ్ళవి, ఆసుపత్రిలో పసిపిల్లల్ని తూచేవి. ఒక్కోదాని మీదా కిలో రాయి పెట్టి, ముల్లు కుదురుగా నిలబడేదాకా మర తిప్పేవాడు. షాపు వెనకే ఇల్లు. సరిగ్గా ఆ వేళకే లోపల ఆయన భార్య కూతురి గదిలో సామాన్లని కిందికి దించుతూ ఉండేది. దుప్పటి, దువ్వెన, నోటు పుస్తకాలు, చెప్పులు, ఎలా కట్టినా తెల్లారేసరికి ముడులు విప్పుకుని పైకప్పుకి చేరేవి. ఆవిడ కర్రతో లాగి మళ్ళీ మంచం కోళ్ళకి కట్టేసేది.

అమ్మాయి అంతరిక్షంలోకి వెళ్ళిన రోజు నుంచీ ఆమె వస్తువులకి బరువు పోయింది. వీధిలో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో కిటికీ తెరిచేముందు కాస్త చూసుకోవాలి, అంతే.

ఇంట్లో అమ్మాయి ముద్దుపేరు బొద్దు. పుట్టినప్పుడు తండ్రే తూచాడు, నాలుగు కిలోల మూడు వందల గ్రాములు. ముప్పై నాలుగో ఏట మరో ఇద్దరితో కలిసి పైకి వెళ్ళింది. తిరిగి రావాల్సిన రోజున నౌక ఇంజను పనిచెయ్యలేదు. కింద ఉన్నవాళ్ళు పదకొండు రోజులు నానా తంటాలూ పడ్డారు. పన్నెండో రోజున లోపల గాలి అయిపోయింది. నౌక మాత్రం తిరుగుతూనే ఉంది. కొన్ని నెలలకి అదే కిందికి జారి కాలిపోతుందని అధికారులు ఇంటికొచ్చి చెప్పి, తలలు దించుకుని వెళ్ళిపోయారు.

ఎదురుగా మందుల షాపు. ఆ షాపాయన మనిషి మంచివాడే, ఆదివారం తలుపు కొట్టినా విసుక్కోకుండా మందిస్తాడు. కానీ అంతరిక్షం మాటెత్తితే మాత్రం ఆగడు.

"అంతా స్టూడియోలో తీసిన సినిమా బావగారూ. ఆ ఫొటోల్లో ఒక్క చుక్కయినా ఉందా, మీరే చెప్పండి! ఇదిగో, అమ్మాయిగారి చెప్పు, మా బోర్డుకి తగులుకుని ఆగింది, పట్టుకోండి. ఏమంటున్నాను? ఆఁ, మనిషి గాల్లో తేలడమేమిటండీ, విడ్డూరం కాకపోతే! తీగలు కట్టి లాగుతారు."

మేస్త్రి దగ్గర జవాబులున్నాయి. ఎండలో ధగధగలాడే మనిషిని ఫొటో తీస్తే వెనకాల చుక్కలు పడవని బొద్దే చెప్పింది. తేలడమంటే మరేం కాదు, నౌకా తనూ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉండటమని కూడా చెప్పింది. అయినా ఆయన నోరు మెదపలేదు. లోపలి గుమ్మంలో భార్య నిలబడి వింటూ ఉండేది. ఆ మాటలు వింటున్నంతసేపూ ఆవిడ మొహంలో కాస్త కళ కనిపించేది.

ఒకరోజు ఆవిడ రోడ్డు దాటి మందుల షాపుకెళ్ళింది.

"తమ్ముడూ, ఎవరూ పైకి వెళ్ళలేదంటావు. ఖాయమేనా?"

"నూటికి నూరుపాళ్ళు అక్కయ్యగారూ."

"అయితే మా అమ్మాయి కిందే ఉంది."

ఆయన చేతిలో మందు సీసాని బల్ల మీద పెట్టేశాడు. ఇన్నేళ్ళుగా ఎందరితోనో వాదించాడు. ఆ మాట ఎవరూ అనలేదు.

"ఎక్కడ దాచారు?" అని అడిగిందావిడ.

ఆ కళ్ళలోకి చూస్తూ తెలీదని చెప్పలేకపోయాడు. "ఊరవతల పెద్ద పెద్ద స్టూడియోలు ఉంటాయి కదండీ... అలాంటి చోటే ఎక్కడో."

మర్నాటి నుంచీ ఆవిడ బస్సులెక్కడం మొదలుపెట్టింది. కూతురి ఊదా రంగు స్వెట్టర్ వేసుకుని, అది లేచిపోకుండా నడుం దగ్గర బెల్టు బిగించేది. ఒక్కో స్టూడియో గేటు దగ్గరా ఫొటో చూపించి, "ఈ అమ్మాయిని లోపల చూశారా బాబూ?" అని అడిగేది. ఒక కాపలావాడు హీరోయిన్ అవుదామని ఇంట్లోంచి పారిపోయిన పిల్ల అనుకుని, "వస్తుందిలే అమ్మా, అందరూ వస్తారు" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ ఇంకో రెండు నెలలు తిరిగింది. కాళ్ళు వాచిపోయాయి. ఒక మధ్యాహ్నం ఎండకి సొమ్మసిల్లి పడిపోతే ఎవరో తెచ్చి ఇంటిదగ్గర దించారు.

ఆ సాయంత్రం మేస్త్రి తొలిసారి రోడ్డు దాటాడు.

"ఇన్నాళ్ళూ నీకు ఎదురు చెప్పలేదు. ఎందుకో తెలుసా?"

మందుల షాపాయన లేచి నిలబడ్డాడు.

"నువ్వు చెప్పేదే నిజమైతే బాగుండునని నాకూ ఉండేది. నువ్వు వాదిస్తున్నంతసేపూ మా బొద్దు ఎక్కడో అలిగి కూర్చుందనిపించేది. కానీ నేను దాంతో మాట్లాడాను, ఆఖరి రోజున. ఏడు నిమిషాలిచ్చారు. వాళ్ళమ్మ ఫోను పట్టుకోలేకపోయింది. ఏడవకు తల్లీ అన్నాను. 'ఇక్కడ ఏడవడం కూడా ఓ తలనొప్పే నాన్నా, నీళ్ళు కారవు, కంటిమీదే ముద్దకట్టి కూర్చుంటాయి, నువ్వు కనపడవు' అంది. అని నవ్వింది కూడా. సినిమా అంటున్నావే, ఆ మాట ఎవరు రాసిచ్చారు దానికి?"

మందుల షాపాయన షట్టరు సగం దించి బయటికొచ్చాడు. "అక్కయ్యగారికి నేనే చెబుతాను బావగారూ. నోటికొచ్చింది వాగానని చెబుతాను."

వెళ్ళి చెప్పాడు. ఆవిడ మంచం మీద పడుకునే అంతా విని, జాలిగా చూసింది.

"నిన్నూ బెదిరించారన్నమాట" అంది.

నాలుగు రోజులకి కాస్త ఓపిక రాగానే మళ్ళీ స్వెట్టర్ తొడుక్కుని బస్సెక్కింది.

కిటికీ పక్కన సీటు దొరికింది. పదకొండు దాటింది. బస్సు నది మీద వంతెన ఎక్కినప్పుడు భుజాల మీద స్వెట్టర్ కాస్త కిందికి వాలినట్టయింది. తర్వాత చేతుల దగ్గర. వంతెన సగం దాటేసరికి, ఆడి ఆడి అలిసిన పిల్ల భుజం మీద నిద్రపోయినంత బరువెక్కింది. నడుం దగ్గర బెల్టు వదులుగా జారింది. ఆవిడ రెండు చేతులూ గుండెలకి అడ్డంగా పెట్టి స్వెట్టర్‌ని గట్టిగా పట్టుకుంది. పక్కనున్నావిడ కాస్త జరిగి చోటిచ్చింది.

వంతెన దాటగానే బస్సు ఆపించింది.

"స్టూడియో ఇంకా చాలా దూరం కదమ్మా" అన్నాడు కండక్టరు.

"తెలుసు బాబూ" అని దిగిపోయింది.

ఇంటికొచ్చేసరికి షాపులో ఎవరూ లేరు. మేస్త్రి కూతురి గదిలో గచ్చు మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ దుప్పటి, దువ్వెన, చెప్పులు, తెరుచుకుపోయిన నోటు పుస్తకాలు, ఎక్కడివక్కడే పడి ఉన్నాయి. ఆవిడా ఆయన పక్కనే చతికిలబడి ఒక్కొక్కటే ఏరి అందించింది. ఆయన మంచం మీద సర్దాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అంతా అయ్యాక ఆవిడ, "ఆ ఏడు నిమిషాలూ ఏమేం మాట్లాడిందో మొదట్నుంచీ చెప్పండి" అంది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పింది అయిపోతే మళ్ళీ చెప్పించుకుంది.

పొద్దుగూకే వేళ ఆవిడ రోడ్డు దాటి రావడం చూసి మందుల షాపాయన గాభరాగా బయటికొచ్చాడు. ఆ మొహం చూసి తట్టుకోలేకపోయాడు.

"అక్కయ్యగారూ, ఇంకో చోటుందంటున్నారు. షాపు మూసేసి నేనూ తోడొస్తాను. రేపే వెళదాం."

"వద్దు తమ్ముడూ. మా అమ్మాయి పొద్దున కిందికి వచ్చేసింది."

ఆయన లోపలికి నడిచి బల్ల వెనక్కి చేరాడు.

"నా బీపీ మాత్రలియ్యి" అందావిడ. "అది పోయిన రోజు నుంచీ మానేశాను. పేరు కూడా మర్చిపోయాను, నీకేమన్నా గుర్తుందా?"

ఆయనకి గుర్తుంది. అరలో వెతికి తీశాడు.

"ఎన్ని రోజులకివ్వమంటారు?"

ఆవిడ కాసేపు ఆలోచించింది.

"నెలకియ్యి" అంది.