గువ్వ గొంతు విప్పింది

ఆ దర్జీ దంపతుల అయిదు నెలల కూతుర్ని ఇంట్లో అందరూ గువ్వ అనేవారు. బట్టలు కుట్టేది తల్లి. తండ్రి బస్సు డ్రైవరైనా వీధిలో ఆయన్నీ దర్జీ అనే పిలిచేవారు. మొదట్లో నాన్న తుమ్మితే చాలు, గువ్వ పకపకా నవ్వేది. రానురాను ఆ నవ్వు తగ్గిపోయింది. నిలిచిన మెడ మళ్లీ వాలిపోసాగింది. ఎటు పడుకోబెడితే అటే చూస్తూ ఉండిపోయేది.

"బంగారుతల్లి. పేచీ అన్నదే లేదు," అని నాయనమ్మ మురిసిపోయేది.

"ఆకలేసినా ఏడవట్లేదు అత్తయ్యా. నాకు గుబులుగా ఉంది," అంది కోడలు.

ఇద్దరూ పాపను ఆసుపత్రికి తీసుకెళ్లారు. పిల్లల డాక్టరమ్మ చేతులు పట్టి లేవదీస్తే గువ్వ తల వెనక్కి వేలాడింది. డాక్టరమ్మ తల్లివైపు తిరిగింది. "మీకు నాలుక మంటగానీ, కాళ్లు తిమ్మిర్లుగానీ ఉన్నాయా?"

"ఉన్నాయండీ. రోజంతా నిలబడి గుడ్డ కత్తిరిస్తాను కదా, అందుకేననుకున్నా."

రక్తపరీక్షలో తల్లీబిడ్డలిద్దరికీ బి12 విటమిన్ అడుగంటిందని తేలింది.

"మీ ఒంట్లో లేనిది పాలలోకి ఎలా వస్తుంది? ఈ వయసులో మెదడు గబగబా ఎదుగుతుంది. దానికిది కావాలి," అంది డాక్టరమ్మ.

"అంటే నా పాల వల్లేనా..." అంది తల్లి.

"తప్పు మీది కాదమ్మా. మీరు తిన్నదాంట్లోంచి ఒంటికి అది పట్టట్లేదు. పాలివ్వడం మానకండి. ఇద్దరికీ సూదిమందు ఇస్తాను. వేళకే వచ్చారు."

కొన్నాళ్లకు ఒక ఉదయం, తల్లి మిషను తొక్కుతుంటే స్నానాల గదిలోంచి ఇల్లెగిరిపోయేంత ఏడుపు వినిపించింది. గుడ్డను సూది కిందే వదిలేసి పరిగెత్తింది. నాయనమ్మ నిలువునా తడిసి ఉంది. గువ్వ కాళ్లతో నీళ్లు చిమ్ముతూ ఆరున్నొక్క రాగం తీస్తోంది.

"కంట్లో కాస్త సబ్బు పడింది. చూడు, నన్నెలా తిట్టిపోస్తోందో," అంది నాయనమ్మ. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

తల్లి డిపోలో ఉన్న భర్తకు ఫోన్ చేసింది.

"పాప ఏడుస్తోందండీ."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. మహా బాగా ఏడుస్తోంది. వినండి."

"పెట్టెయ్యకు, ఉండు," అని ఆయన కండక్టర్ని పిలిచి వినిపించాడు.

తర్వాతి నెల మళ్లీ వెళ్లినప్పుడు గువ్వ తల్లి ఒళ్లో తలెత్తుకుని కూర్చుంది. ఇంకా కొంతకాలం చూస్తుండాలంటూ డాక్టరమ్మ వంగగానే ఆవిడ మెడలోని స్టెతస్కోపును గువ్వ గుప్పిట్లో బిగించింది.

"వదలవే," అంది నాయనమ్మ, వదిలించే ప్రయత్నమేమీ చేయకుండా.

డాక్టరమ్మ నర్సుతో ఇంకొకటి తెప్పించుకుంది.